నొప్పికి చిరునామా

లాబ్‌లో అందరూ గోడ మీది తెర చూస్తూ ఉండగా శర్వాణి ఉన్నట్టుండి ఎడమ మోచేతిని కుడిచేత్తో గట్టిగా పట్టుకుంది. మాట్లాడుతున్న డాక్టర్ మాలకొండయ్య సగం మాటలో ఆగాడు. ఆయనకిది అలవాటే.

“చెయ్యా, కాలా?” అన్నాడు.

“కాలు సార్,” అంటూనే ఆమె ఫోను చెవికి ఆనించుకుంది. “కృపావరం టీచర్‌గారూ, నేను నైమిష వాళ్ళమ్మనండి. దాన్ని కూర్చోబెట్టి ఒక్కసారి బూట్లు విప్పించండి.”

అవతల క్లాసు గోల, బెంచీ జరిపిన చప్పుడు, తర్వాత టీచరు గొంతు. “అయ్యబాబోయ్, మేకండీ! అడుగునుంచి లోపలికంటా దిగిపోయినాది. సాక్సంతా తడిసిపోయింది. ఇదేమో ‘మేకెక్కడిది టీచర్’ అని నన్నడుగుతోంది.”

“తీసెయ్యండి. నేనొస్తున్నాను.”

టీచరు మేకు లాగేసిన క్షణాన శర్వాణి మోచేతిలో పోటు తగ్గింది. బ్యాగు భుజాన వేసుకుని, ఎవరికీ ఏమీ చెప్పకుండా మెట్లు దిగింది. చెప్పాల్సిన పని లేదు. ఆ పోటును తయారుచేసింది ఆ గదిలో ఉన్నవాళ్ళే.

నైమిషకు ఎనిమిదేళ్ళు. పుట్టినప్పటినుంచీ దానికి నొప్పి తెలియదు. ముట్టుకుంటే తెలుస్తుంది, చక్కిలిగింతలు పెడితే గిలగిల్లాడుతూ నవ్వుతుంది. కానీ తెగితే, కాలితే, విరిగితే ఏమీ అనిపించదు. పళ్ళొచ్చిన కొత్తలో నాలుక కొస కొరికేసుకుంది. నడక నేర్చాక ఒకసారి విరిగిన కాలితోనే ఇల్లంతా తిరిగింది; వాపు కనబడ్డాక గానీ ఎవరికీ తెలియలేదు. నాలుగో ఏట ఇస్త్రీ పెట్టె మీద అరచెయ్యి ఆనించి, “అమ్మా, ఏదో మాడుతున్న వాసనొస్తోంది,” అంది.

డాక్టర్లు రక్తం పరీక్షలు చేయించి, మేనరికమా అని అడిగారు. మేనరికమే. ఈశ్వర్రావు శర్వాణికి మేనమామ కొడుకు. ఇద్దరిలోనూ చప్పుడు చెయ్యకుండా పడి ఉన్న లోపమొకటి పిల్లలో కలిసి బయటపడిందని చెప్పారు. ఆ రోజు ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చేదాకా ఆటోలో భార్యాభర్తలు మాట్లాడుకోలేదు. తర్వాత కూడా ఆ సంగతి ఎప్పుడూ ఎత్తుకోలేదు.

మధురవాడలోని ఆ లాబ్‌లో శర్వాణి పని వైద్య పరికరాల్లోపలి చిన్న బోర్డులకు ప్రాణం పోయడం. బోర్డు మీది చిప్పు తన పని తాను చేసుకుపోతూ ఉంటుంది. ఏదైనా సెన్సారుకు అవసరం పడితే ఒక తీగ మీద దాన్ని పిలుస్తుంది. చేస్తున్న పని ఆపి చూడమని చెప్పే ఆ పిలుపునే ఇంటరప్ట్ అంటారు. ఏ తీగ ఎవరిది, ఏ పిలుపు ఎవరికి చేరాలి అన్నది చిప్పుకు తనంతట తనకు తెలియదు. డివైస్ ట్రీ అనే ఫైల్లో ఎవరో ఒకరు కూర్చుని రాసిపెట్టాలి. రాసింది తప్పయితే సెన్సారు ఎంత మొత్తుకున్నా వినే దిక్కుండదు. ఇలాంటి తప్పులు వెతికి దిద్దడంలో ఏళ్ళు గడిపిన శర్వాణికి తన కూతురి శరీరం కూడా అలాంటి బోర్డులాగే కనిపించింది. మేకు దిగుతూనే ఉంది. ఆ కబురు పోవడానికే దారి లేదు.

మాలకొండయ్య నరాల డాక్టరు. ఒంగోలు మనిషి, మాట తక్కువ. శర్వాణి వెళ్ళి అడిగినప్పుడు, “దారి లేకపోతే పక్కదారి వేద్దాం,” అన్నాడు. అలా మొదలైంది. లోచొక్కాలో, మోకాళ్ళు దాటే సాక్సుల్లో, పలచని చేతి తొడుగుల్లో, జడ రిబ్బన్లలో వెంట్రుకల్లాంటి సెన్సారు దారాలు నేశారు. అవన్నీ పిల్ల నడుముకు కట్టిన చిన్న బోర్డుకు చేరతాయి. అక్కణ్ణుంచి కబురు ఎక్కడికి పోవాలన్నదే మిగిలిన ప్రశ్న.

మొదట ఫోనుకు పంపించారు. ఫోను మోగేది, శర్వాణి చూసేది, ఒక్కోసారి పనిలో పడి చూడ్డం మరిచిపోయేది. మోగే ఫోనును నొక్కి జేబులో వేసుకోవచ్చు. నొప్పిని అలా వేసుకోవడం కుదరదు. అందుకే చివరికి శర్వాణి తన ముంజేతికి ఒక పట్టీ కట్టుకుంది. పిల్లకు చేతిలో దెబ్బ తగిలితే ఆ పట్టీ శర్వాణి మణికట్టు దగ్గర నరాన్ని పొడుస్తుంది. కాలికి తగిలితే మోచేతి దగ్గర.

డివైస్ ట్రీలో ప్రతి సెన్సారు పేరు కిందా ఇంటరప్ట్ పేరెంట్ అని ఒక మాట ఉంటుంది. దాని పిలుపు ఎవరు అందుకోవాలో అక్కడ రాస్తారు. అందులో శర్వాణి తన పట్టీ పేరు రాసింది. వెనక నిలబడి చూస్తున్న మాలకొండయ్య, “ఈ మాటకి అర్థం ఇవాళ తెలిసిందమ్మా నాకు,” అన్నాడు.

ఇంకొక మాట కూడా రాయాలి: ఎడ్జా, లెవెలా అన్నది. ఎడ్జ్ అని రాస్తే దెబ్బ తగిలిన క్షణంలో ఒక్కసారి పిలిచి ఊరుకుంటుంది. లెవెల్ అని రాస్తే దెబ్బకు కారణం పోయేదాకా పిలుస్తూనే ఉంటుంది. ఒక్క పోటైతే ఓర్చుకోవచ్చని శర్వాణి మొదట ఎడ్జ్ అనే రాసుకుంది. ఆ నెలలోనే ఒకనాడు మోచేతిలో చురుక్కుమంది. వెంటనే పోయింది. ఏ రాయో తగిలి ఉంటుందనుకుంది. కానీ ఆ సమయానికి నైమిష ఆగివున్న మోటారుసైకిలెక్కి, వేడి సైలెన్సరుకు పిక్క ఆనించుకుని, ఎదురింటి కుక్కపిల్లతో కబుర్లు చెబుతోంది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. శర్వాణి ఆ రోజే ఎడ్జ్ తీసి లెవెల్ అని మార్చింది.

ఆపైన గాయాలు తగ్గాయి. శర్వాణి మాత్రం నలిగిపోయింది. పిల్ల ఆడుకునే వేళల్లో వంట చేసేది కాదు, బండి నడిపేది కాదు. అది చూడలేక ఈశ్వర్రావు కొన్నాళ్ళు తాను కట్టుకుంటానన్నాడు. ఫిషింగ్ హార్బరు దగ్గర అతనికి పడవ ఇంజన్లు బాగుచేసే వర్క్‌షాపుంది. కట్టుకున్న వారంలోనే, గొలుసుకప్పీతో ఇంజను పైకెత్తుతూ ఉండగా చేతిలో పోటొచ్చి గొలుసు వదిలేశాడు. ఇంజను సిమెంటు నేల మీద పడి నేల పగిలింది. దాని కింద ఆ క్షణాన ఎవరూ లేకపోవడం అదృష్టం.

సాయంత్రం పట్టీ విప్పి భార్య చేతిలో పెట్టాడు. “భయపడి కాదే. నా చేతిలో బరువుండగా వచ్చిందంటే మనుషులు పోతారు.”

“తెలుసు బావా,” అంది శర్వాణి పట్టీ కట్టుకుంటూ.

ఆ తర్వాత కొన్నాళ్ళకు నైమిష వర్క్‌షాపు బయట ఒరిగించి ఉన్న పడవ మీదినుంచి దూకింది. చీలమండ మడతపడింది. ఇంటి దగ్గర శర్వాణి గంజి వారుస్తోంది. సెలవురోజు కావడంతో తండ్రి దగ్గరుందిగదా అనుకుని పొయ్యి వెలిగించింది. గిన్నె చేజారి గంజి రెండు పాదాల మీదా పడింది. ఈశ్వర్రావు పిల్లను ఎత్తుకుని ఇంట్లోకి వచ్చేసరికి ఆమె గచ్చు మీద కూర్చుని, కాళ్ళ మీద నీళ్ళు పోసుకుంటూ ఏడుస్తోంది. నైమిష తండ్రి భుజం మీదినుంచి తల్లినే చూస్తూ ఉండిపోయింది.

అప్పటినుంచీ పట్టీ పొడవడం తగ్గింది. నెల తిరిగేసరికి దాదాపు ఆగిపోయింది. లాబ్‌లో ఆ పిలుపులు నమోదయ్యే తెర మీద గీత తిన్నగా సాగింది. నొప్పి లేకపోయినా పిల్ల జాగ్రత్త నేర్చుకుందని అందరూ సంబరపడ్డారు. ఎవరో మిఠాయి తెచ్చారు. దీన్ని ఇలాంటి పిల్లలున్న మరికొన్ని కుటుంబాలకు ఇద్దామని మాలకొండయ్య అనుమతుల పని మొదలుపెట్టాడు. శర్వాణి చాలాకాలానికి బండి మీద లాబ్‌కు వచ్చింది.

కృపావరం టీచరు ఆమెను బడికి రమ్మన్నది ఆ రోజుల్లోనే.

“మీకు ఫోన్లో చెబితే అర్థం కాదని రమ్మన్నానండి,” అంటూ వరండాలోకి తీసుకెళ్ళింది. కింద ఇసుకలో పిల్లలంతా అరుస్తూ పరిగెడుతున్నారు. “అదిగో, చూడండి.”

నైమిష వేపచెట్టు పక్క చప్టా మీద రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. బంతి దొర్లుకుంటూ దాని కాళ్ళ దగ్గరికి వచ్చింది. పిల్లలు విసరమని కేకలు వేస్తే తల అడ్డంగా ఊపింది.

“రోజూ ఇంతేనండి. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుని ముసలమ్మలాగ దిగుతోంది. పెన్సిలు చెక్కమంటే వద్దంటది. మా మేనగోడలికి కాలు విరిగితేనే ఇలగ ఉండలేదు. ఒంట్లో బాగోలేదా దానికి?”

శర్వాణి వెళ్ళి చప్టా మీద కూతురి పక్కన కూర్చుంది.

“ఆడుకోవేంటి బంగారూ?”

“ఆడితే పడతాను.”

“పడితే ఏమవుతుంది? నేను చూసుకుంటాగా.”

“నాకేం కాదు,” అంది నైమిష, ఇంత తేలిక విషయం తల్లికి ఎందుకు తెలియదా అన్నట్టు. “నీకే అవుతుంది. ఆ రోజు నీ కాళ్ళ మీద తోలూడిపోయింది. నేను దూకడం వల్లే.”

లాబ్‌లో తిన్నగా సాగుతున్న గీత శర్వాణి కళ్ళ ముందుకొచ్చింది. పిల్ల తన ఒంటిని కాపాడుకోవడం నేర్చుకోలేదు. తల్లికి దెబ్బ తగలకుండా కదలకుండా కూర్చోవడం నేర్చుకుంది.

మర్నాడు ఆమె మాలకొండయ్య గదిలోకి వెళ్ళి తలుపు వేసింది. “సార్, చిరునామా మార్చాలి. దాని నొప్పి దానికే వెళ్ళాలి.”

ఆయన చాలాసేపు ఆలోచించాడు. పట్టీ పిల్ల చేతికి కడితే లాభం లేదు. నొప్పి మోసే నరాలే దానికి లేవు. ఇంకా లోపలికి వెళ్ళాలి. మెదడులో ఒకచోట, ఇది వద్దు, ఆపు అన్న బాధ పుట్టే చోటుంది. అక్కడికి సన్నటి తీగ వేస్తే బోర్డు పిలుపు నేరుగా అక్కడికే చేరుతుంది. పెద్దవాళ్ళలో తీరని నొప్పి తగ్గించడానికి సర్జన్లు అక్కడికి ఇదివరకే తీగ వేశారు. నొప్పి పెట్టడానికి ఎవరూ వెయ్యలేదు.

“చెయ్యొచ్చు,” అన్నాడు చివరికి. “చెయ్యాలా అంటే మాత్రం నేను చెప్పలేనమ్మా. అది మీరిద్దరూ తేల్చుకోండి. పిల్లని కూడా అడగండి.”

ఈశ్వర్రావు విని లేచి నిలబడిపోయాడు. “ఏటి శర్వాణీ ఇది? లోకంలో ప్రతివాడూ నొప్పి తగ్గాలని దేవుడికి మొక్కుకుంటాడు. మనం పిల్ల తలకి కన్నం పెట్టించి నొప్పి పెట్టించాలా?”

“నేనున్నన్నాళ్ళూ నేను మోస్తాను బావా. తర్వాత?”

“తర్వాత సంగతి తర్వాత. దానికి లేని బాధ మనమెందుకు తేవాలి? ఇప్పటికి మనం ఇచ్చింది సాలదా?”

ఆ మాట అన్నాక అతనే బిత్తరపోయాడు. ఆటోలో రానిది, ఇన్నేళ్ళూ రానిది, ఆ మాట ఇప్పుడొచ్చింది. శర్వాణి ఏడవలేదు. “మనమిచ్చిందేదో మనమే చూడాలిగా,” అంది. అతను చెప్పులేసుకుని వర్క్‌షాపుకు పోయాడు. మూడు పూటలు ఇంట్లో భోజనం చెయ్యలేదు. నాలుగోపూట వచ్చి కూర్చుని, “దాన్నడుగు. అది వద్దంటే మాత్రం వద్దు,” అన్నాడు.

అడిగారు. నైమిష చాలా ప్రశ్నలు వేసింది.

“నొప్పి ఎలగ ఉంటుంది?”

శర్వాణి చెప్పబోయి ఆగింది. ఏం చెప్పినా పుట్టుగుడ్డికి రంగు చెప్పినట్టే ఉంటుంది. “ఆపెయ్యాలనిపిస్తుంది,” అంది.

“ఆపొచ్చా?”

“దెబ్బ తగిలించేదాన్నుంచి దూరంగా జరిగితే తగ్గుతుంది.”

“నీ చేతికి ఇంక రాదా?”

“రాదు.”

“ఐతే సరే,” అంది నైమిష.

తన కోసం కాక తల్లి కోసం ఒప్పుకుందని ఇద్దరికీ అర్థమైంది. కానీ ఒప్పుకుంది.

ఆపరేషను సవ్యంగా జరిగింది. కుట్లు మానాక లాబ్‌లో పరీక్షకు కూర్చోబెట్టారు. బల్ల మీద ఒక రేకు. చురుక్కుమనేంత వేడి, బొబ్బ ఎక్కనంత. ఈశ్వర్రావు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. శర్వాణి కంప్యూటరు ముందుంది. ఇంటరప్ట్ పేరెంట్ దగ్గర తన పట్టీ పేరు కొట్టేసి, కూతురి తలలోని తీగ పేరు రాసింది. రెండో మాట దగ్గర వేళ్ళు ఆగాయి. కాసేపటికి ఎడ్జ్ అని రాసింది. మాలకొండయ్య చూశాడు.

నైమిష రేకు మీద చెయ్యి పెట్టింది. ఉలిక్కిపడింది. కళ్ళు పెద్దవయ్యాయి. పెదవి వణికింది. తల్లి కుర్చీలోంచి సగం లేచింది. అంతలో పిల్ల ముఖం మామూలైపోయింది.

“అయిపోయిందమ్మా!” అంది. “ఇంతేనా?” నవ్వుతూ వేడి రేకు మీదే చెయ్యుంచి వేళ్ళు చాచి చూసుకుంది.

ఈశ్వర్రావు రెండంగల్లో వచ్చి దాని చెయ్యి లాగేశాడు. తొడుగు తీస్తే అరచెయ్యి ఎర్రగా కందివుంది. దాన్ని తన బొటనవేలితో రుద్దుతూ భార్యవైపు తిరిగాడు. అప్పటిదాకా ఈ పని వద్దన్న మనిషి గొంతు తగ్గించి అన్నాడు: “మార్చీ. మార్చాలంటే ఇప్పుడే మార్చీ. మళ్ళీ నాకు ధైర్యం చాలదు.”

శర్వాణి ఎడ్జ్ కొట్టేసి లెవెల్ అని రాసింది. రాతపనిలో అంతకన్నా చిన్న మార్పు ఉండదు. బోర్డు ఆగి మళ్ళీ మొదలయ్యేదాకా తెర మీద అక్షరాలు పరుగెత్తాయి. ఈసారి చెయ్యి పెట్టమని చెప్పే బాధ్యత ఆమె ఇంకొకరికి వదల్లేదు.

“పెట్టు బంగారూ.”

నైమిష పెట్టింది. అరిచింది. అది ఆ గదిలో ఎవరూ అంతకుముందు వినని అరుపు. ఎనిమిదేళ్ళ పిల్ల మొట్టమొదటిసారి అరిచిన అరుపు. చెయ్యి వెనక్కి లాక్కుని, కుర్చీ తన్నేసి, గది మూలకు పోయి అరచేతిని ఒంటికి హత్తుకుని ఏడ్చింది. శర్వాణి దగ్గరికి వెళ్ళబోతే రెండో చేత్తో తోసేసింది.

“నువ్వే పెట్టమన్నావు! నువ్వే!”

అది నిజమే. శర్వాణి అక్కడే మోకాళ్ళ మీద కూర్చుంది. ఆమె ముంజేతికి అప్పటికి పట్టీ లేదు. ఏళ్ళ తరబడి పిల్ల ఎక్కడ ఏడవాల్సి వచ్చినా ముందు తన చేతికే తెలిసేది. ఇప్పుడు పిల్ల ఎదురుగా ఏడుస్తున్నా చెయ్యి చల్లగా, మామూలుగా ఉంది.

తర్వాతి వారాలు ఎలా గడిచాయో ఆ ఇంట్లో ఎవరూ గుర్తు చేసుకోవాలనుకోరు. నైమిష తల దువ్వబోతే ఏడ్చింది, బూటు బిగుతైతే ఏడ్చింది, వేడి అన్నం చూసి ఏడ్చింది. తల్లితో మాట్లాడేది కాదు. తండ్రి పక్కనే పడుకునేది. ఈశ్వర్రావు దాని ఏడుపు వినలేక, ఏదో పనున్నట్టు వీధిలోకి పోయి నిలబడేవాడు. శర్వాణి రోజూ లాబ్‌లో కూర్చుని ఏ సెన్సారు ఎంత దెబ్బకు పిలవాలో కొంచెం కొంచెంగా దిద్దింది. దువ్వెనకు ఏడవక్కర్లేదు. కందిరీగకు ఏడవాలి. ఇలా ఒక్కొక్కటీ పిల్ల ముఖం చూసి నేర్చుకోవాల్సి వచ్చింది.

ఒకరోజు నైమిష వేడి గ్లాసు పట్టుకోబోయి, ఆగి, గౌను అంచుతో పట్టుకుంది. ఎవరూ చెప్పలేదు. ఈశ్వర్రావు చూసి, లేచి వెళ్ళి పెరట్లో కాసేపు ముఖం కడుక్కుంటూ ఉండిపోయాడు.

వానలు మొదలయ్యాక బడిలో మళ్ళీ ఆటలు పెట్టారు. ఒక సాయంత్రం శర్వాణి ఇంటికొచ్చేసరికి నైమిష నేల మీద కూర్చుని చపాతీ తింటోంది. మోకాలికి గుడ్డ కట్టివుంది. అంచుల్లో అయొడిన్ మరకలు.

శర్వాణి బ్యాగు కిందపెట్టడం మరిచిపోయింది. “ఎప్పుడు తగిలింది?”

“పొద్దున్న. ఖోఖోలో.” నోట్లో చపాతీతోనే చెప్పింది. “కృపావరం టీచర్ కడిగింది. ఏడ్చాను. తర్వాత మళ్ళీ ఆడాను. మేమే గెలిచాం.”

పొద్దున్న. ఆ సమయంలో తానేం చేస్తోందో శర్వాణి గుర్తు తెచ్చుకోబోయింది. కాఫీ తాగుతూ ఉందేమో. ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతూ ఉందేమో. ఏ కబురూ రాలేదు. ఆమె కూతురి ఎదురుగా కూర్చుని, గుడ్డ మీద చెయ్యి వెయ్యబోయి వెనక్కి తీసుకుంది.

“చాలా నొప్పేసిందా?”

నైమిష నమలడం ఆపి నిజంగానే ఆలోచించింది. ఎంతని చెప్పాలో తేల్చుకోలేనట్టు తల్లి ముఖంలోకి చూసింది.

“చాలానే. నీకు తెలీదులే అమ్మా,” అని చెప్పి, ఇంకో చపాతీ వెయ్యమని కంచం ముందుకు జరిపింది.